లేబుల్ లేని మాట

మీదే ఊరమ్మా అని ఎవరైనా అడిగితే ఆండాళు హైదరాబాదు అని చెప్పేది. పూర్తిగా అబద్ధమేమీ కాదు, ఎం.సి.ఏ. చదివింది అక్కడే, హాస్టల్లో ఉండి. హాస్టల్లో ఉన్నంత మాత్రాన ఊరు మారిపోతుందా అంటే, ఆమె లెక్కలో మారిపోయింది. నారాయణపేటలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, బక్కమ్మ అవ్వ ఒళ్లో పెరిగిన పిల్ల, జడ్చర్ల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ గదిలో కూర్చున్నాక "వెళ్తానండి", "చూస్తానండి" అని మాట్లాడేది. ఆ "అండి" ఆమె నాలుకను కొత్త చెప్పులా కరిచేది. అయినా విడవలేదు.

అది తొంభై ఏడో సంవత్సరం. ఫ్యాక్టరీ యజమాని రాజం గారికి ఒక విదేశీ కంపెనీ పెద్ద ఆర్డరు ఇస్తానంది. ఒక్కటే షరతు: ల్యాబులోని ఫార్ములాలు ల్యాబు దాటి బయటికి పోకూడదు. చెప్పడం తేలికే. ఫ్యాక్టరీ అంతటికీ నడిచే తీగ ఒక్కటే. ల్యాబు, ఆఫీసు, గోదాం, గేటు, అన్ని కంప్యూటర్లూ దానికే వేలాడుతున్నాయి. ల్యాబులో తెరిచిన కాగితం గేటు దగ్గర కూర్చుని చదవొచ్చు, తెలిసినవాడైతే.

దీనికి ఆండాళు ఒక ఉపాయం చెప్పింది, రాజం గారు సరేనన్నారు. కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున కూర్చుని, ఏ ప్రోగ్రాంకు ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో తేల్చే భాగం ఒకటుంటుంది, కెర్నెల్ అంటారు. ఒక ప్రోగ్రాం ఇంకో మిషన్‌తో మాట్లాడాలంటే ఈ కెర్నెల్‌ను అడిగి ఒక వాకిలి తెరిపించుకోవాలి. దాని పేరు సాకెట్. తెరిచే ప్రతి సాకెట్‌కూ పుట్టగానే ఒక లేబుల్ కట్టేస్తే సరిపోతుందని ఆండాళు ఆలోచన. ఇది ల్యాబుది, ఇది ఆఫీసుది, ఇది గేటుది. అందులోంచి బయల్దేరే ప్రతి మాట మీదా ఆ లేబుల్ ఉంటుంది. అవతలి మిషన్‌లోని కెర్నెల్ లేబుల్ చూసి, రావాల్సినదాన్ని రానిస్తుంది, రాకూడనిదాన్ని ఆపేస్తుంది. ఉచితంగా దొరికే ఒక కెర్నెల్‌ను సోర్సుతో సహా సీడీలో తెచ్చుకుని, చలికాలమంతా దాని మీద కూర్చుంది. పని బాగానే సాగింది, ఒక్క దగ్గర తప్ప.

అసలు లేబులే లేని మాట వస్తే ఏం చెయ్యాలి? పాత మిషన్ నుంచి రావచ్చు, ఎవరో కొత్తగా తెచ్చిన మిషన్ నుంచి రావచ్చు. ఏదో ఒకటి రాయక తప్పదు. ఆండాళు పెద్దగా ఆలోచించలేదు. లేబుల్ లేకుండా వచ్చినదానికి, అది ఏ వాకిట్లోకి వచ్చిందో ఆ వాకిలి లేబులే కట్టమని రాసింది. ల్యాబుకు వస్తే ల్యాబుదే అనుకో, గేటుకు వస్తే గేటుదే అనుకో.

ఇది ఆమెకు పుస్తకంలో దొరికిన విద్య కాదు. వాళ్లింట్లో మగ్గాలు ముందరి అరుగు మీదే ఉండేవి. నూలు తెచ్చేవాళ్లు, చీరలు కొనేవాళ్లు, ఎండకు నీడ చూసుకునేవాళ్లు, ఎవరు అరుగెక్కినా బక్కమ్మ అవ్వ ముందు చెంబుతో నీళ్లు ఇచ్చేది. తాగి, మూతి తుడుచుకున్నాకే ఏ ఊరు, ఎవరింటోళ్లు అని అడగడం. ముందే అడిగితే ఆ ఇంటికి నామోషీ. చిన్నప్పుడు ఒకసారి ఆండాళు నీళ్లకంటే ముందు "మీరెవరు" అని అడిగినందుకు అవ్వ చెవి మెలేసింది. ఆ మెలి కెర్నెల్ దాకా వచ్చిందని పాపం ఆమెకూ తెలియదు.

ఏప్రిల్‌లో అమరేందర్ అనే కన్సల్టెంటు హైదరాబాదు నుంచి వచ్చాడు, ఆండాళు పని పరీక్షించడానికి. అన్ని సెక్షన్ల వాళ్లనూ ఆఫీసు హాల్లోకి పిలిచారు. అమరేందర్ చంకలో తెచ్చుకున్న లాప్‌టాప్ తీసి, గోడ దగ్గరి తీగకు తగిలించి, ఏవో నాలుగు మాటలు కొట్టాడు. ల్యాబులోని ఫార్ములా తెర మీద పరుచుకుంది. తన మిషన్‌కు లేబులే లేదనీ, నువ్వెవరని ఈ కెర్నెల్ అడగనైనా అడగలేదనీ అతను నవ్వుతూ చెప్పాడు.

రాజం గారు ఆండాళు వైపు తిరిగి అలా ఎందుకు రాశావని అడిగారు. ఆమెకు అబద్ధం చెప్పాలని తోచలేదు. ఎవరో తెలియనివాళ్లు వస్తే ముందు లోపలికి రానివ్వడం మర్యాద అనుకున్నానండి అంది. ఆ మాట అన్నాక తనకే వినబడింది, ఎంత తెలివితక్కువగా ఉందో.

"ఇది ఫ్యాక్టరీ అమ్మా. మీ ఇంటి అరుగు కాదు" అన్నారు రాజం గారు. అందరూ నవ్వారు.

అంతటితో పోయేది. కానీ గోదాం చూసుకునే మెహమూద్ వెనక వరసలోంచి లేచాడు. యాభై దాటిన మనిషి, నోరు ఊరికే ఉండదు, మధ్యాహ్నం తిన్నాక అట్టపెట్టెల చాటున ఒక కునుకు తీస్తాడని ఫ్యాక్టరీ అంతా ఆటపట్టిస్తుంది. మంచివాడే. ఆ మంచితనమే కొంప ముంచింది.

"గట్ల నవ్వకుండ్రి సార్. మా అత్తగారి ఊరు నారాయణపేటే. ఆ దిక్కు నీళ్లిచ్చినంకనే పేరడుగుతరు. గీమె బక్కమ్మ మనుమరాలు, మా ఇంటామెకు ఆ అవ్వ ఎరికె. మన పిల్ల. ఆమె తప్పేం లేదు."

నవ్వు రెండింతలైంది. హైదరాబాదు నారాయణపేటకు ఎప్పుడొచ్చిందని గేటు క్లర్కు ఎల్లస్వామి పక్కవాళ్లను గట్టిగానే అడిగాడు. ఆండాళుకు చెవులు కాలిపోయాయి. తలెత్తలేక తీగల మీద చూపు నిలుపుకుని నిలబడింది. పని చెడినందుకు సిగ్గుపడటంలో న్యాయముంది. అయితే ఆ సాయంత్రం ఇంటికి పోయాక కూడా ఆమెను పొడిచింది అది కాదు. "మన పిల్ల" అన్న మాట. పదిమందిలో తనను పట్టి ఊరికి ఈడ్చుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టినట్టు అనిపించింది. ఫార్ములా బయట పెట్టిన అమరేందర్ మీద ఆమెకు కోపం రాలేదు చూడండి. వెనకేసుకొచ్చినవాడి మీద వచ్చింది.

మర్నాడే ఆ భాగం కొట్టేసి కొత్తగా రాసింది. లేబుల్ లేని మాట వస్తే పారెయ్యి. పంపినవాడికి జవాబు కూడా ఇవ్వకు. వద్దు అని చెప్పినా, ఇక్కడొక వాకిలి ఉందని తెలిసిపోతుంది కాబట్టి మౌనమే మేలని పుస్తకాలూ చెబుతాయి. అమరేందర్ చూసి, ఇప్పుడు మీకు కెర్నెల్ అర్థమైంది అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమె రెండు రోజులు చప్పరించింది.

ఒక్కొక్క సెక్షన్ మిషన్‌లో కొత్త కెర్నెల్ పెడుతూ పోయింది. గోదాం మిషన్ ఒక్కటే మిగిలింది. అది మరీ పాతది, కొత్త కెర్నెల్ అందులో పట్టదు. దాని నుంచి వచ్చే మాటలకు ఎప్పటికీ లేబుల్ ఉండదు. దానికి మందు లేకపోలేదు. ఈ చిరునామా నుంచి వచ్చేది గోదాం మాట, దానికి గోదాం లేబుల్ నువ్వే కట్టుకో అని గేటు మిషన్‌లో ఒక్క వాక్యం రాస్తే చాలు. అంతవరకూ గోదాం మూగదే. ఇది ఆండాళుకు తెలుసు. బాగా తెలుసు.

మే నెల ఎండలో మెహమూద్ ఆవరణ దాటి కంప్యూటర్ గదికి వచ్చాడు. సగం తలుపు అవతల నిలబడి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. అందరి మిషన్లూ మార్చినవట, మా దాని సంగతి ఏందమ్మా అని అడిగాడు. గదిలో మూలన కూజా ఉంది, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఉంది. అతని చూపు ఒకసారి కూజా మీదికి పోయి వచ్చింది. ఆండాళు అది చూసింది. చూసి, తెర వైపు తిరిగింది.

"మీది ఏ సెక్షనండీ?" అంది.

అతనికి అర్థం కాలేదు. గోదాం గదా అమ్మా అన్నాడు. సెక్షన్ హెడ్ సంతకంతో చీటీ తెచ్చుకోమంది. గోదాంకు హెడ్ ఆయనే, క్లర్కూ ఆయనే, పొద్దున తలుపు తీసి ఊడ్చేదీ ఆయనే. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. మెహమూద్ తువ్వాల భుజాన వేసుకున్నాడు. తర్వాత "మంచిది మేడం" అని వచ్చిన ఎండలోనే తిరిగి పోయాడు. అంతకుముందెప్పుడూ ఆమెను మేడం అనలేదు.

ఆ ఒక్క వాక్యం రేపు రాద్దాంలే అనుకుంది. రేపు ఇంకో పని పడింది. కావాలని ఆపిందా, మరిచిపోయిందా అని అడిగితే ఆమె దగ్గరా సమాధానం లేదు. గోదాం పేరు గుర్తొచ్చినప్పుడల్లా హాల్లో నవ్వు కూడా వినిపించేది. ఆ నవ్వు వినడం ఇష్టం లేక గోదాంను పక్కకు నెట్టేది.

గోదాం నుంచి గేటుకు పోయే మాటలు ఎక్కువేం ఉండవు. సరుకులో లోపం కనబడితే, ఈ సరుకు ఆపండి అని మెహమూద్ గేటుకు మాట పంపాలి. అది రాలేదంటే సరుకు బాగున్నట్టే, లారీని పోనివ్వాలి. అది అక్కడి పద్ధతి. కంప్యూటర్లు రాకముందు మెహమూద్ కాగితం ముక్క పట్టుకుని గేటు దాకా నడిచి ఎల్లస్వామి కిటికీ కొట్టేవాడు. కంప్యూటర్ వచ్చాక, ఇంకా తిరుగుడెందుకు, ఎవరి జాగాలో వాళ్లుండండి అని రాజం గారే అన్నారు.

జూన్‌లో తొలి వానలు పడ్డ వారం, పిల్లల జ్వరం సిరప్ ఒక లారీకి సరిపడా గోదాంలో సిద్ధంగా ఉంది. మెహమూద్ ఒక పెట్టె ఎత్తితే అడుగు తడిగా తగిలింది. విప్పి చూస్తే మూతలు బిగియలేదు, మందు కారి చీమలు పట్టింది. ఇంకో పెట్టె, ఇంకోటి, అన్నీ అంతే. వెంటనే మిషన్ ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మాట కొట్టాడు. పంపినట్టు తెర మీద పడింది. పడుతుంది మరి, ఆ మిషన్ పని తీగ మీదికి వదలడం వరకే. అవతల గేటు మిషన్‌లో కెర్నెల్ ఆ మాటను అందుకుని, లేబుల్ కోసం చూసి, లేదని పారేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అలా చెప్పవద్దనే కదా ఆండాళు దానికి నేర్పింది.

మెహమూద్ నమాజు చేసుకుని, తిని, ఎప్పటిలాగే పెట్టెల చాటున ఒరిగాడు. హమాలీలు వచ్చారు, ముందే ఇచ్చిన చీటీ ప్రకారం లారీ నింపారు. ఎల్లస్వామి తెర వైపు ఒకసారి చూసి గేటు గొలుసు దించాడు.

లారీ చేరింది ఒక పిల్లల దవాఖానకు. పెట్టెలు విప్పితే సగం ఖాళీ సీసాలు, మిగతా సగంలో చీమలు. జ్వరంతో పిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డ తల్లులను ఆ రోజు ఉత్త చేతులతో పంపేశారు. లారీ తిరిగి వచ్చింది. దాని వెనకే డాక్టరు తిట్లూ వచ్చాయి.

రాజం గారి గదిలో విచారణ అన్నారు గానీ, అందరూ ముందే తేల్చుకుని వచ్చారు. మాట పంపినట్టు మిషన్ చూపించిందని మెహమూద్ చెప్పాడు. తనకు రాలేదని ఎల్లస్వామి చెప్పాడు. ఏ టైముకు పంపావో, ఏ టైముకు పడుకున్నావో అని ఎవరో అన్నారు. ముసిముసి నవ్వులు. ఆండాళుకు ఆ నవ్వు తెలుసు.

రాజం గారు ఆమెను సూటిగా అడిగారు. నీ సిస్టంలో మాట మధ్యలో పోయే అవకాశం ఉందా?

ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పోయిందండి, నేనే పోగొట్టాను. నోటి దాకా వచ్చింది. విదేశీ కంపెనీ వాళ్లు వచ్చేముందు మరోసారి పని చూడటానికి వచ్చిన అమరేందర్ కూడా గదిలో ఉన్నాడు.

"లేబుల్ ఉన్న మాట ఎక్కడికీ పోదండి" అంది.

అందులో అబద్ధం లేదు. అదే అన్నిటికంటే సిగ్గుచేటు. మెహమూద్ ఆమె వైపు చూశాడు. చదువుకున్న పిల్ల, నిజమే చెబుతుందన్న నమ్మకం ఆ చూపులో ఉంది. తానే ఎక్కడో తప్పు కొట్టానేమో అన్న అనుమానం కూడా అప్పుడే మొదలైంది. గోదాం తాళాలు బల్ల మీద పెట్టి, సలాం చేసి పోయాడు. ఉద్యోగంలోంచి తీసేశామన్న మాట ఎవరూ పైకి అనాల్సిన అవసరం రాలేదు.

ఆ సాయంత్రమే ఆండాళు ఆ వాక్యం రాసింది. టీ చల్లారేలోగా అయిపోయింది. ఇంత చిన్న పనా అనుకుని, తల చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. కనీసం ఇక ముందు ఇలా జరగదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

మనసు ఒప్పుకునేదేమో గానీ గోదాం ఒప్పుకోలేదు. వారం తర్వాత, కొత్తగా వేసిన మనిషి మొదటి రోజే పరీక్ష కోసం ఒక మాట పంపాడు. గేటులో టక్కున పడింది. ఎల్లస్వామి క్యాంటీన్‌లో అందరికీ వినబడేలా చెప్పాడు. మిషన్ సక్కగనే ఉన్నది, మాట నిమిషంల వచ్చింది, మెహమూద్ భాయే నిద్రపోయి మిషన్ మీద పెట్టిండు అని. అక్కడున్నవాళ్లు తలలూపారు. ఆండాళు చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. తప్పు దిద్దానని ఆమె అనుకుంది. దిద్దిన ఆ దిద్దుబాటే మెహమూద్‌ను అబద్ధాలకోరును చేసింది. నిన్నటిదాకా అనుమానం, ఇవాళ రుజువు.

ప్లేటు అక్కడే వదిలి రాజం గారి గదికి పోయి అంతా చెప్పేసింది. ఆయన చివరిదాకా విన్నారు. కోప్పడలేదు. విదేశీ కంపెనీ వాళ్లు శుక్రవారం వస్తున్నారనీ, ఈ లేబుళ్లు చూడటానికే వస్తున్నారనీ గుర్తుచేశారు. లేబుల్ పని మాటను మింగేసిందని బయటికి పొక్కితే ఆర్డరు ఉండదు, ఫ్యాక్టరీ ఉండదు. మెహమూద్‌కు తర్వాత ఎప్పుడైనా ఏదో ఒకటి చూద్దాం. లేబుల్ లేనిదాన్ని ఆపమన్నాం, ఆపింది. పని చేసినట్టే కదా, తప్పు చేసిందని ఎవరికి చెబుతావు అన్నారు. ఎవరికి చెప్పాలో ఆమెకు ఆ ప్రశ్నతోనే తెలిసింది.

గురువారం సాయంత్రం జడ్చర్ల పక్కనే ఉన్న బాదేపల్లిలో అడుగుతూ అడుగుతూ మెహమూద్ ఇల్లు పట్టుకుంది. సన్నటి గల్లీ, ముందర గోనె పరదా. అలికిడికి పరదా పక్కకు జరిపి ఒక పెద్దామె తొంగి చూసింది. మెహమూద్ భార్య అజ్మత్ బీ. ఆండాళు ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఆమె ఆండాళునూ చూడలేదు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టేలోగా ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

ఆండాళు చెంబు అందుకోలేదు. అందుకునే మొహమేది?

"ముందుగల నేనెవరో అడుగమ్మా" అంది. చాలా రోజులకు ఆ మాట నాలుకను కరవకుండా వచ్చింది.

"ఎవరైతేంది, ఎండలపడి వచ్చినవ్. నీళ్లు తాగు ముందు."

తాగింది. ఆ కూజా, దాని మీది స్టీలు గ్లాసు, సగం తలుపు అవతల తువ్వాలతో మొహం తుడుచుకుంటున్న మనిషి కళ్ల ముందే ఉన్నాయి. చెంబు తిరిగి ఇచ్చాక, ఇప్పుడు చెప్పు, ఎవరింటి పిల్లవు అని అజ్మత్ బీ అడిగింది. నారాయణపేట, మగ్గాల బక్కమ్మ మనుమరాలినని చెప్పింది. ఆమె మొహం విప్పారింది. పెళ్లికి ముందు నూలుకు రంగులద్ది ఇవ్వడానికి వాళ్ల నాయినతో ఆ అరుగు ఎన్నిసార్లు ఎక్కిందో చెప్పబోయింది. అప్పటికి లోపలి నుంచి మెహమూద్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. ఆండాళు లేచి నిలబడింది.

"చాచా, నువ్వు పంపిన మాట గేటుకు చేరింది. గేటు మిషన్ల నేను రాసినదే దాన్ని పారేసింది. నీ మిషన్‌కు లేబుల్ లేదని నాకు ఎరికె. ఒక్క మాట రాస్తే అయిపోతుండె, నేను రాయలే. ఆ దినం సార్ అడిగితే గూడ చెప్పలే."

మెహమూద్ తన భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. గోడకు చేయి ఆన్చి మెల్లగా గడప మీద కూర్చుంది. ఈ పది పన్నెండు రోజులూ ఆ ఇంట్లో ఏం నడిచిందో ఆ కూర్చోవడంలోనే తెలిసింది. నువ్వు పండుకున్నవ్, పండుకుని అబద్ధమాడినవ్, నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ అని ఆమె కూడా అన్నది. అందరి మాట నమ్మింది, మొగుడి మాట నమ్మలేదు.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. జర గట్టిగ" అన్నాడు మెహమూద్.

ఆండాళు ఇంకోసారి చెప్పింది, గట్టిగానే. పక్కింటి పరదా కదిలింది. అజ్మత్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

అప్పుడు మెహమూద్ అన్నాడు. "మిషన్ అన్నంక తప్పు అయితది. చిన్నదానివి, భయపడ్డవ్, అది గూడ నాకు సమజయితది. కాని ఎండల అంత దూరం నడిచొస్తె, నా మొకం చూడకుండ ఏ సెక్షన్ అని అడిగినవ్ చూడు. అన్నం ముంగట కూసున్నా గదే యాదికొస్తుండె."

ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే వీళ్లే ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది. రేపు పొద్దున గేటు కాడ అందరి ముంగట చెప్త, నువ్వు గూడ రా చాచా అంది. సేఠ్ నీ నౌకరి తీస్తడు అన్నాడు. తియ్యనీ అంది. అజ్మత్ బీ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, రేపటికి ఉతికిన అంగీ ఉందో లేదో చూడటానికి లోపలికి పోయింది.

శుక్రవారం ఉదయం షిఫ్టు మారే వేళ గేటు దగ్గర జనం ఉన్నారు. వచ్చే అతిథుల కోసం నేల మీద నీళ్లు చల్లి ముగ్గు కూడా వేశారు. రాజం గారు లోపల మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆండాళు గేటు బయటే ఆగి, ఎల్లస్వామిని పేరు పెట్టి పిలిచి, ముందురోజు బాదేపల్లిలో చెప్పిన మాటే చెప్పింది. ఎక్కడా "అండి" రాలేదు. నారాయణపేట మాట నారాయణపేట మాటలాగే వచ్చింది. విని నవ్వేవాళ్లు నవ్వుకోనీ అనుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మెట్ల మీంచి రాజం గారు ఆమె పేరు పెట్టి అరిచారు. ఆమె ఆగకుండా పూర్తి చేసింది.

ఎల్లస్వామి వచ్చి గొలుసు పట్టుకున్నాడు. అందరికీ వినబడేలా అన్న మాట అందరికీ వినబడేలాగే వెనక్కి తీసుకోవాలని అతనికీ తోచినట్టుంది.

"తప్పయింది మెహమూద్ భాయ్. తెలువక అన్న" అని గొలుసు దించాడు.

మెహమూద్ లోపలికి అడుగు పెట్టలేదు. పొమ్మన్నోళ్లే రమ్మని పిలవాలె అన్నాడు. ఉతికిన అంగీ నలగకుండా, గేటు పక్కన లారీ డ్రైవర్లు కూర్చునే సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. అతిథుల కారు వచ్చింది, ముగ్గు మీదుగా లోపలికి పోయింది. కారు అద్దంలోంచి ఒక తెల్లాయన బయట కూర్చున్న మనిషిని, అతని పక్కన నిలబడ్డ అమ్మాయిని చూస్తూ పోయాడు. మెట్ల దగ్గర రాజం గారు చేతులెత్తి నమస్కారం పెట్టారు గానీ, ఆయన కళ్లు గేటు మీదే ఉన్నాయి.

నువ్వు లోపలికి పో బిడ్డా, నీ పని చూసుకో అన్నాడు మెహమూద్.

ఈ బల్ల మీద జాగా లేదా చాచా అని అడిగింది ఆండాళు.

అతను ఆమె మొహం చూశాడు. తర్వాత జర పక్కకు జరిగాడు.